కళ్ళు మూసుకున్నా వీచిన గాలి

కళ్ళు మూసుకుని బాస్కెట్‌బాల్ ఆడమని మా డ్రిల్లు సార్ చెప్పిన రోజు నాకు ఒళ్ళు మండింది. చేతిలో బంతి కూడా ఉండదట. ఫ్రీ త్రో గీత దగ్గర నిలబడినట్టు, బంతిని రింగులోకి వేసినట్టు మనసులోనే చూసుకోవాలట. "ఏదీ వదలొద్దు. చెమట, చప్పుడు, చుట్టూ ఏముంటే అది, అంతా కనపడాల" అన్నారు. ఇదంతా ఆయన ఫోన్లో చూసి నేర్చుకున్నారని మాకు తెలుసు. మొదట్లో సగం మంది అమ్మాయిలు కూర్చున్నచోటే కునుకు తీశారు.

నాకు మాత్రం అది నవ్వులాట కాదు. అప్పుడు పదో తరగతి. జిల్లా జట్టుకు ఎంపికైతే కాలేజీలో కూడా ఆడుకోమని, లేకపోతే బంతిని అంతటితో మరిచిపొమ్మని మా నాయన తేల్చేశాడు. ఆయన పరుపులు కుట్టేవాడు. ఒకసారి మాటంటే తిరుగుండదు. అందుకని కోపంగానే కళ్ళు మూసుకున్నాను. అన్నం తినబోయే ముందు, బస్సులో కూర్చున్నప్పుడు, ఎప్పుడు వీలైతే అప్పుడు. కొన్నాళ్ళకు మనసులో వేసిన బంతి ఒక్కటీ తప్పేది కాదు. మా బళ్ళో కోర్టులోనూ అంతే. నన్ను మించిన మొనగత్తె లేదనుకున్నాను.

ఎంపికలు నెల్లూరులో, పైకప్పు వేసిన కోర్టులో. నాయన కొట్టు మూసి మరీ వచ్చి సార్ పక్కన కూర్చున్నాడు. నా వంతు వచ్చింది. కళ్ళు మూసి మనసులో ఒకటి వేసుకుని, కళ్ళు తెరిచి వేశాను. బంతి రింగుకు కుడివైపు తగిలి బయట పడింది. చెయ్యి జారిందనుకున్నాను. రెండోదీ అక్కడే తగిలింది. మూడోదీ అక్కడే. నిర్ఘాంతపోయాను. భయానికి చెయ్యి వణికితే ఒకటి అటూ ఒకటి ఇటూ పోవాలి కదా, అన్నీ కుడికే ఎందుకు పోతున్నట్టు? సార్ వైపు చూస్తే ఆయన నోరు తెరుచుకుని ఉన్నారు. నాయన తల వంచుకుని చొక్కాకంటిన దూది ఏరుకుంటున్నాడు.

మళ్ళీ కళ్ళు మూశాను. ఈసారి బంతిని వదిలేసి చుట్టూ చూశాను. మా బడి గోడ, దాని వెనక సరుగుడు చెట్లు. చెట్లు పడమటికి వంగి ఊగుతున్నాయి. మాది విడవలూరు అవతల, సముద్రం పక్క ఊరు. మేం ఆడే వేళకు తూర్పు గాలి జోరుగా వీస్తుంది. మా రింగు ఉత్తరాన ఉంది గనక బంతిని ఆ గాలి ఎడమకు నెడుతుందని, అన్నేళ్ళుగా నేను కాస్త కుడికి వేస్తున్నానని నాకే తెలియదు. సార్ ఏదీ వదలొద్దన్నారు కదా, నేను గాలిని కూడా వదల్లేదు. గాలి చొరబడని ఆ కోర్టులో, నా తలలో సముద్రపు గాలి వీస్తోంది.

ఆ గాలిని ఆపుదామంటే నా వల్ల కాలేదు. చెట్లు ఊగుతూనే ఉన్నాయి. గాలి లేని చోటు కోసం వెతుక్కుంటే మా కొట్టు కనపడింది. పరుపులో దూది కూరేటప్పుడు నాయన ఫ్యాను వెయ్యనివ్వడు, కిటికీ తెరవనివ్వడు. ఆ ఉక్కపోతకు ఆయనతో ఎన్నిసార్లు పోట్లాడానో. ఆ గదిలో, దూది కుప్ప పైన గోడకు, మనసులోనే రింగు తగిలించాను. బంతి తిన్నగా పోయి తిన్నగా దిగింది. కళ్ళు తెరిచి వేశాను. పడింది. మిగిలినవన్నీ పడ్డాయి. ఎంపికైనవాళ్ళలో చివరగా పిలిచిన పేరు నాది.

సంగతి చెబితే సార్ నమ్మలేదు. మర్నాడు తరగతి గది తలుపులు మూయించి, అమ్మాయిలందరినీ కళ్ళు మూసుకుని కోర్టు చూడమన్నారు. మనసులో చెట్లు ఎటు ఊగుతున్నాయో చేత్తో చూపించమన్నారు. ఒక్కరు తప్పకుండా చేతులన్నీ పడమటికి లేచాయి. ఆయన బల్ల మీద కూలబడ్డారు.

ఆ సాయంత్రం నాయనకు అంతా చెప్పాను. ఆయన కుట్టు ఆపలేదు.

"రేపట్నించి పొద్దుగూకినాక కొట్టుకాడికి రా" అన్నాడు.

ఎంపికైనా బంతి మానెయ్యమంటాడా?

"ఆ మూల కూర్చోని కళ్ళు మూసుకో" అన్నాడు. "ఫ్యాను వెయ్యన్లే."