స్లాబు కురిసిన వానాకాలం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఈ సంగతి మా మట్టెవాడ సందులో అందరికీ తెలుసు. ఆ కోపంలో ఒక మనిషి చెయ్యి విరగ్గొడతానని మాత్రం నాకు కూడా తెలియదు.

ఆ చెయ్యి నా ఏరాలిది, అంటే మా మరిది భార్యది. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే ఇల్లు. కింద మధ్యలో గోడ, ఎవరి పొయ్యి వాళ్లది, ఎవరి మెట్లు వాళ్లవి. పైన స్లాబు మాత్రం ఒకటే. సాయంత్రమైతే ఇద్దరం పైకెక్కి, ఒకే చాప మీద కూర్చుని, సందులోవాళ్లందరినీ ఉతికి ఆరేసేవాళ్లం. నా రెండో కాన్పుకు నీళ్లు కాచింది ఆమే. నాకు తోబుట్టువులు లేరు. ఆమె ఉండగా ఆ లోటు ఎప్పుడూ తెలియలేదు.

ఆ వానాకాలం నా పడకగది కురవడం మొదలైంది. మొదట పైన తడి మచ్చ, తర్వాత చుక్క, తర్వాత ధార. గిన్నెలు పెట్టీ పెట్టీ విసిగిపోయాను. స్లాబు మీద ఆమె వైపు పెయింటు డబ్బాల్లో మల్లె, టమాట, కరివేపాకు పెంచేది. ఆ వేళ్లే స్లాబును చీలుస్తున్నాయని నేను తీర్మానించేశాను.

"చెల్లె, ఆ డబ్బాలు తియ్యి. నా ఇల్లు కురుస్తాంది," అన్నాను.

"నా దిక్కు కురుస్తలేదు గదక్కా. నా మొక్కలకు నీ ఇంటి మీద ఏం పగ?" అని నవ్వింది.

ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండింది. మర్నాడు పొద్దున చాయ్ తాగుతుంటే పడకగదిలో దభీమని చప్పుడు. నానిపోయిన పెచ్చు, రొట్టెల పెనమంతది, ఊడి నా దిండు మీద పడింది. పది నిమిషాల ముందు నా తల అక్కడే ఉంది. ఇంకొకరైతే భయపడి ప్రార్థన చేసుకునేవాళ్లు. నేను గడ్డపార తీసుకుని పైకెక్కాను.

మొదటి దెబ్బకు మల్లె డబ్బా పగిలింది. కరివేపాకును వేళ్లతో సహా పెకిలించి సందులోకి విసిరాను. టమాటలను కాళ్లతో తొక్కాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, అప్పుడు ఎంత హాయిగా అనిపించిందో! ఆమె పరుగెత్తుకొచ్చి గడ్డపార పట్టుకుంది.

"పిచ్చి గిట్ల లేసిందా అక్కా నీకు!"

"ఇడువు! ఇడువకుంటే నిన్ను గూడ ఇట్లనే కొడ్త!"

ఆమె వదల్లేదు, నా ముంజేతిని కొరికింది. గడ్డపార గుంజుకుని తిప్పి కొట్టాను. పొరపాటున తగిలిందని చాలామందికి చెప్పాను. ఇక్కడ చెప్పను. కావాలనే కొట్టాను. మణికట్టు దగ్గర ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. ఆమె ఆ మట్టిలోనే కూలబడి చేతి వంక చూసుకుంది.

దవాఖానలో కట్టు కట్టారు. పాకురు మీద జారిపడ్డానని చెప్పిందట. నన్ను కాపాడింది గానీ, ఆ రోజు నుంచి నాతో మాట లేదు. సాయంత్రాలు చాప మీద ఒక్కదాన్నే కూర్చునేదాన్ని.

మొక్కలు పోయినా ఇల్లు కురుస్తూనే ఉంది. చివరికి హసన్‌పర్తి నుంచి మేస్త్రిని పిలిపించాను. సేద్యం చేసే మనిషి. స్లాబు మీద కూడా పొలంలోలాగే బంకమట్టితో గట్లు వేసి, మడులు చేసి, ఎక్కడ కారుతుందో తేల్చడానికి ఒక్కొక్క దాంట్లో నీళ్లు పెట్టాడు.

"ఆమె దిక్కు ముందు నింపు," అన్నాను. అప్పటికీ నా బుద్ధి పోలేదు.

అటు మధ్యాహ్నం దాకా నీళ్లు నిలిచినా కింద చుక్క పడలేదు. ఇటు నా వైపు మూడో మడి నింపగానే ఒకచోట బుడబుడా బుడగలు లేచాయి. మేస్త్రి నీళ్లు తోడేసి అక్కడ వేలు పెట్టాడు. వేలితో పాటు కుళ్లిన గుడ్డపీలిక వచ్చింది.

"ఈడ ఇనుప రాడు ఏమన్న దింపిన్రా అక్కా?"

దింపింది నేనే. ప్రతి క్రిస్మస్‌కూ స్టార్ కట్టడానికి స్లాబులోకి సుత్తితో రాడు దింపేదాన్ని. పండుగ అయ్యాక పీకేసి, ఆ రంధ్రంలో గుడ్డలు కుక్కి, పైన మట్టి మెత్తేదాన్ని. సందులో అందరికన్నా ఎత్తున నా స్టారే ఉండాలని పంతం. అలాంటివి నాలుగు దొరికాయి. మేస్త్రి వాటిని ఉలితో చెక్కి, కడిగి, నీళ్లు దిగకుండా మందు కలిపిన సిమెంటుతో పూడ్చాడు.

నేను కిందికి దిగి ఆమె వాకిట్లో నిలబడ్డాను. "తప్పు నాదే చెల్లె. నీ మొక్కలు ఏం జెయ్యలే," అన్నాను.

ఆమె లేచి వచ్చి ఎడమచేత్తో నా చెంప ఛెళ్లుమనిపించింది. చెవి గుయ్యిమంది. ఇంకో రెండు వేస్తే బాగుండుననిపించింది. వేయలేదు. నన్ను దాటుకుని తన మెట్లెక్కి పైకి పోయింది.

"మేస్త్రీ, ఈ నడుమ గోడ పెట్టు. మనిషెత్తు," అంది.

మర్నాడు ఇటుకలు దిగాయి. మేస్త్రికి నేనే అందిస్తున్నాను. మొదటి వరుస పెట్టబోతూ అతను ఆగాడు. స్లాబు వాలంతా ఆమె వైపుకే, వాననీళ్లు పోయే గొట్టమూ అటే.

"నీళ్లు పోను జర సందు ఇడువాలె గదక్కా. లేకుంటే ఈ అక్క దిక్కు నిలుస్తయ్," అని అటు పక్క మెట్ల మీద కూర్చున్న ఆమెను అడిగాడు.

ఆమె నా వైపు చూడలేదు. కట్టు ఉన్న చేతిని ఒళ్లో పెట్టుకుని అంది:

"నీళ్లకు ఇడువు. మనిషికి వద్దు."

నేను ఇంకో ఇటుక అందించాను.