వీడ్కోలు విందు పెట్టి కదలని మనిషి

మా ఓక్‌తుత్ మహల్లాలో, అంటే మా పేటలో, మీర్‌వాహిద్ ఎలాంటివాడని ఎవరైనా అడిగితే, ఆ జవాబు చెప్పే అవకాశం ఆయన ఇంకొకరికి ఇవ్వడు. "నేను ట్రాలీబస్సు నడిపిన మనిషిని. పైన తీగ ఎటు పోతే అటు పోయాను. సొంత బుర్రతో మలుపు తిరిగింది జీవితంలో ఒక్కసారే. అప్పుడు నేరుగా గోతిలో పడ్డాను" అంటాడు. తాష్కెంటులో ట్రాలీబస్సులు ఎత్తేసినప్పుడు ఆయన్నీ ఇంటికి పంపేశారు. అప్పటినుంచి ఎర్గష్ చాయ్‌ఖానాలో పచ్చ టీ ముందు పెట్టుకుని తనమీద తానే హాస్యాలాడుకోవడం ఆయన ఉద్యోగమైంది. మనల్ని మనమే వెక్కిరించుకుంటే పక్కవాడికి శ్రమ తగ్గుతుందని ఆయన సిద్ధాంతం. కానీ ఒక ఏడాది పక్కవాళ్లకి కూడా చేతినిండా పని దొరికింది.

వసంతంలో ఒక కట్టుబడి కంపెనీవాళ్లు మహల్లా ఆఫీసులో బల్లమీద అట్టతో చేసిన బొమ్మ ఊరొకటి తెచ్చి పెట్టారు. మా మట్టి గోడలూ, ద్రాక్ష పందిళ్లూ, ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకి అతుక్కోవలసిన సందులూ అందులో ఎక్కడా లేవు. వాటి చోట తొమ్మిదంతస్తుల మేడలు, దూదిపింజల్లాంటి చెట్లు, అగ్గిపుల్లంత మనుషులు. ఇల్లు రాసిచ్చినవాళ్లకి మేడలో ఫ్లాటు ఇస్తామన్నారు. పెద్దలు గడ్డాలు నిమురుకుంటూ ఆలోచించి చెబుతామన్నారు. మీర్‌వాహిద్‌కి ఆలోచన అంటే మొదటినుంచీ పడదు. బాల్కనీలో నిలబడ్డ అగ్గిపుల్ల మనిషిని వేలితో చూపించి, "ఈయన నేనే. చూడండి, పొట్ట కూడా తగ్గింది" అన్నాడు. జనం నవ్వారు. ఆ నవ్వు ఆగేలోపు సంతకం పెట్టేశాడు. భార్య సనోబర్‌కి ఈ సంగతి సాయంత్రం భోజనాల దగ్గర చెప్పాడు. ఆమె రొట్టె తుంచడం ఆపి ఆయన వంక చూసింది. తర్వాత మళ్లీ తుంచింది.

మా దగ్గర మహల్లా విడిచిపోయేవాడు ఊరికే పోడు. పొద్దున్నే ఇరుగుపొరుగుని పిలిచి పులావు పెడతాడు. తెలిసీ తెలియక ఎవరినైనా నొప్పిస్తే క్షమించి పంపించమని అడుగుతాడు. అందరూ, నీవల్ల మాకే కష్టమూ కలగలేదు, సంతోషంగా వెళ్లు అంటారు. అక్కడితో ఆ మనిషి వెళ్లిపోయినట్టే. అందుకే ఎవరైనా ఈ విందు సామాను లారీకెక్కాక పెడతారు. మీర్‌వాహిద్ మాత్రం, వచ్చే నెల కూలుస్తామని కంపెనీవాళ్లు నోటిమాటగా అనగానే పెట్టేశాడు. మొదట సంతకం పెట్టినవాడికి మొదట వీడ్కోలు పొందే హక్కు ఉండదా అని ఆయన వాదన.

పులావు బ్రహ్మాండంగా కుదిరింది. అసలు చిక్కు అక్కడే వచ్చింది. జనం మెచ్చుకునేసరికి ఆయన గుండె కరిగి, మాట తడబడి, చెయ్యి పెద్దదైపోయింది. "ఎలాగూ బుల్‌డోజర్ నోట్లో పోయేదే. నా గుర్తుగా మీరు పెట్టుకోండి" అంటూ ఇంటినే పంచడం మొదలుపెట్టాడు. కప్పుమీది రేకులు చాయ్‌ఖానా వసారాకని ఎర్గష్‌కి ఇచ్చాడు. కిటికీలు కొత్తగా పెళ్లైన జంటకి ఇచ్చాడు. తాతలనాటి చెక్కుడు తలుపు ఎదురింటి అక్క హలీమా ఒపాకి వెళ్లింది. ఆవిడ దాన్ని కోళ్ల గూటికి బిగించింది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటారే, ఆ రోజు మీర్‌వాహిద్ ఈగలని కూడా పంచేసేవాడే, అడిగినవాళ్లు లేకపోయారు.

ఒక్క కోచ్‌కార్ అకా మాత్రం ఏమీ పుచ్చుకోలేదు. అందరూ అకా, అంటే అన్న, అని పిలిచే ఆయన ముసలి తాపీమేస్త్రి. కంపెనీకి సంతకం పెట్టను పొమ్మన్నది కూడా ఆయనే. "నీ ఇల్లు నీ దగ్గరే ఉంచుకో, అబ్బాయ్" అన్నాడు చేతులు తుడుచుకుంటూ.

"అకా, బుల్‌డోజర్ వచ్చినరోజు తందూరులో దాక్కోండి. బాగా కాలాక నేనే వచ్చి బయటికి తీస్తా" అన్నాడు మీర్‌వాహిద్. అందరికంటే ముందు తనే నవ్వాడు.

ఆ తర్వాత రష్యాలో రూబుల్ విలువ పడిపోయింది. మాస్కోలో ఇటుకలు మోస్తున్న మా కుర్రాళ్లు సంచులు భుజాన వేసుకుని ఒక్కొక్కరే తిరిగొచ్చారు. వాళ్ల సంపాదన మీద ఫ్లాట్లు కొందామనుకున్నవాళ్లు నోరు మూసుకున్నారు. కంపెనీ మహల్లా చివర పునాది గొయ్యి తవ్వుతూ తవ్వుతూ ఆపేసింది. కొన్నాళ్లకి ఫోను ఎత్తడం మానేసింది. ఆఫీసు తాళం వేసి ఉంది. ఆ ఏడాది మా ఇళ్లు తప్ప అన్నీ కూలాయి.

వేసవంతా మీర్‌వాహిద్ కప్పులేని ఇంట్లో కులాసాగానే గడిపాడు. ద్రాక్ష పందిరి కింద మంచం వేసుకుని, చుక్కలు చూసే అదృష్టం అమీర్లకి కూడా లేదన్నాడు. శరత్కాలంలో వానలు మొదలయ్యాయి. రెండు గదుల్లో ఒకదానిమీద ప్లాస్టిక్ పట్టా కప్పి, నాలుగు మూలలా రాళ్లు పెట్టాడు. గాలి వచ్చినప్పుడల్లా పట్టా లేచి, లోపల సనోబర్ పరుపులు ఈ మూలనుంచి ఆ మూలకి ఈడ్చుకోవలసి వచ్చేది. ఆయన మాత్రం గొడుగు వేసుకుని చాయ్‌ఖానాకి పోయేవాడు.

"రండి, మీర్‌వాహిద్ అకా. ఇంకా వెళ్లలేదా?" అని ఎర్గష్ రోజూ అడిగేవాడు.

"వెళ్లానురా. నువ్వు చూస్తున్నది నా ఆత్మని."

"ఆత్మకి చక్కెర వెయ్యమంటారా?"

"వెయ్యి. పైనుంచి చినుకు పడకుండా చూడు."

"పడదు అకా. మీ రేకులు గట్టివి."

తన కప్పు కింద పొడిగా కూర్చోవాలంటే ఇంకొకరి కొట్టుకి రావలసి వచ్చిందని మీర్‌వాహిద్ తనే చెప్పుకుని నవ్వేవాడు. నవ్వాక మాత్రం టీ చేదుగా ఉండేది. తిరిగి అడగాలంటే నోరు రాదు. ఇచ్చిన చేత్తో వెనక్కి పుచ్చుకున్నవాడిని మా దగ్గర చచ్చాక కూడా చెప్పుకుంటారు. పోనీ హషర్‌కి పిలుద్దామా, అంటే అందరినీ పిలిచి పులావు పెట్టి, చేతికి చెయ్యి కలిపి కప్పు వేయించుకుందామా అనుకుంటే, పిలిచేది మహల్లా మనిషి అయి ఉండాలి. తనేమో అందరి చేతా వెళ్లు అనిపించుకున్నవాడు.

మొదటి మంచు పడేరోజులు దగ్గరపడ్డాక సనోబర్ పరుపులు చుట్టి తాడుతో కట్టింది.

"ఎక్కడికి?" అన్నాడు.

"మా అన్న ఇంటికి. చిర్చిక్‌లో వాళ్లకి కప్పుంది."

"నేను?"

"మీరు వీడ్కోలు తీసుకున్నారుగా, ఎక్కడికైనా వెళ్లండి. నేనెవరి దగ్గరా తీసుకోలేదు. నన్నెవరూ అడగలేదు" అంది. గొంతు పెంచకుండానే అంది. "శనివారం దాకా చూస్తా. ఆ తర్వాత ఈ తడిలో నావల్ల కాదు."

మీర్‌వాహిద్‌కి ఏదో చమత్కారం నోటిదాకా వచ్చింది. ఆమె చేతులు చలికి నీలంగా ఉండటం చూసి మింగేశాడు. సంతకం పెట్టేముందు ఈ చేతుల్ని ఒక్కసారైనా చూసి ఉంటే బాగుండేదని మొదటిసారి అనిపించింది. సిగ్గేసింది.

గొడుగు మరిచిపోయి చాయ్‌ఖానాకి నడిచాడు. ఎర్గష్ అలవాటుగా "ఇంకా వెళ్లలేదా" అనబోయి, తడిసిన టోపీ చూసి ఆగాడు. కోచ్‌కార్ అకా మూల మంచం మీద కూర్చుని రొట్టె టీలో ముంచుకుంటున్నాడు. మిగతావాళ్లు వేళాకోళానికి సిద్ధంగా ఉన్నారు.

"హషర్‌కి పిలవడానికొచ్చా," అన్నాడు మీర్‌వాహిద్, నిలబడే. "పిలిచే మొహం నాకు లేదు, తెలుసు. ఇంకోటి కూడా చెప్పాలి. ఆ ఇల్లు నాది కాదు. సంతకం పెట్టేశాను. కంపెనీ ఎక్కడుందో తెలీదు గానీ కాగితం వాళ్ల దగ్గరే ఉంది. మీరు చెమటోడ్చి కప్పు వేస్తారు, రేపు ఇంకెవడో డబ్బున్నవాడొచ్చి కూల్చేస్తాడు. మీ కష్టం మట్టిలో కలుస్తుంది. అది తెలిసి వస్తే రండి. రాకపోయినా నేనేం అనుకోను."

ఎవరూ నవ్వలేదు. ఆయన మాట్లాడాక నవ్వు రాకపోవడం చాయ్‌ఖానాలో అదే మొదలు. ఏం చెయ్యాలో తోచక ఎర్గష్ తుడిచిన గిన్నెనే మళ్లీ తుడిచాడు.

కోచ్‌కార్ అకా రొట్టె నమిలి మింగేదాకా తొందరపడలేదు. "వాన ఇల్లెవరిదని అడిగి పడుతోందా?" అన్నాడు. "కింద సనోబర్ తడుస్తోంది. ఆ పిల్ల మనకేమీ వీడ్కోలు చెప్పలేదే. శుక్రవారం నమాజు అయ్యాక వస్తా. వాసాలు వంకరగా పెడితే మాత్రం నీ నెత్తినే పడేస్తా."

ఎర్గష్ గొంతు సవరించుకున్నాడు. "ఇచ్చిన రేకులు వెనక్కివ్వడం తప్పు కదా. అందుకని వెనక్కివ్వను. అవి నావి. నా వస్తువు నాకిష్టమైనవాడికి బహుమతిగా ఇచ్చుకుంటా. అకా, పుచ్చుకుంటారా?"

మీర్‌వాహిద్ తలాడించాడు.

శుక్రవారం మధ్యాహ్నం సందు నిండిపోయింది. మాస్కోనుంచి ఉత్తచేతులతో తిరిగొచ్చిన కుర్రాళ్లు కప్పెక్కారు. పని చేసి చాలా రోజులైందేమో, పాటలు పాడుతూ మేకులు కొట్టారు. హలీమా ఒపా చెక్కుడు తలుపుని కోళ్ల రెట్టతో సహా మోయించుకొచ్చి, కడుక్కునే పని మీదేనంది. కిటికీలూ వచ్చాయి, కొత్త జంట వేయించిన గులాబీ రంగుతో. కోచ్‌కార్ అకా కిందనుంచి అందరినీ తిట్టాడు, ముఖ్యంగా ఇంటాయన్ని. మీర్‌వాహిద్ పులావు గుండిగ దగ్గర క్యారెట్ తరుగుతూ, ఆ తిట్లన్నిటికీ "అవును అకా" అంటూ కూర్చున్నాడు. మధ్యలో ఎవరో తందూరు సంగతి గుర్తు చేస్తే, "అందులో దాక్కోవలసింది నేనే, పొట్ట పట్టదు" అన్నాడు. అప్పుడు గానీ సందులో నవ్వులు లేవలేదు.

చివరి రేకు పడ్డాక పెద్దలు చేతులెత్తి ఆ ఇంటికి దువా చేశారు. అందరూ పులావుకి కూర్చున్నారు. సనోబర్‌ని పిలుద్దామని మీర్‌వాహిద్ గుమ్మం దాకా వెళ్లాడు. ఆమె గది మధ్యలో నిలబడి పైకి చూస్తోంది. చుట్టిన పరుపులు విప్పి, నేలమీద తివాచీ పరిచి ఉంది.

"కారదుగా?" అంది.

"కారదు."

"ఇప్పుడు ఇది ఎవరి ఇల్లు?"

ఆయన నిజమే చెప్పాడు. "తెలీదు."

సనోబర్ ఆయన కాళ్లకేసి చూసింది. "ఎవరిదైతేనేం," అంది, "బురద బూట్లు బయట విప్పి లోపలికి రండి."