బయట వేసిన తాళం

మొన్న తిరుచానూరులో పక్క కొట్టు మూస్తూ ఎవరో తాళం వేశారు. ఆ టక్కుమన్న చప్పుడుకు పూలు కడుతున్న నా వేళ్లు దారం మీదే ఆగిపోయాయి. హబీబా మేడమ్ కళ్లముందు నిలిచింది.

ఆమె ప్రొబేషన్ ఆఫీసరు. తప్పు చేసిన పిల్లలను ప్రభుత్వ హోములో బంధించి ఉంచకుండా బెయిలు మీద ఇంటికి పంపితే, వాళ్ల నడత చూసి కోర్టుకు రాయడం ఆమె పని. నా మనవడు శీను పదిహేనేళ్లప్పుడు బస్టాండులో ఒక యాత్రికురాలి సంచి లాక్కుని పరిగెత్తి దొరికిపోయాడు. తల్లీ తండ్రీ లేని వాడిని దెబ్బకు భయపడేలాగే పెంచాను. అయినా ఇలా చేశాడు. కొన్నాళ్లు హోములో ఉంచాక జడ్జిగారు నా పూచీ మీద వదిలారు. ప్రతి సోమవారం మేడమ్ ఆఫీసులో వాడు సంతకం పెట్టాలి. తేడా వస్తే మళ్లీ హోమే.

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. పూచీ అంటే కాపలా అనుకున్నాను. పొద్దున్నే పూలబుట్ట ఎత్తుకునే ముందు సద్దిగిన్నె, నీళ్ల చెంబు గదిలో పెట్టి, వాడిని లోపలుంచి బయట తాళం వేసేదాన్ని. సోమవారాల్లో మణికట్టు పట్టుకుని బస్సెక్కించేదాన్ని.

ఒక మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి మేడమ్ మా అరుగు మీద ఉంది. మెచ్చుకుంటుందని తాళంచెవి ఎత్తి చూపించాను.

"సూడు మేడమ్, ఈగ గూడా బయటికి పోలేదు."

"తియ్యవ్వా."

తీశాను. ఆమె చెప్పులు విడిచి లోపలికి పోయి శీను పక్కన నేల మీద కూర్చుంది.

"ఇప్పుడు తాళం వెయ్యి."

"ఏందిమ్మా, ఎగతాళా?"

"నువ్వు పోయి పూలు అమ్ముకోని రా. మేమిద్దరం ఈడనే ఉంటాం. ఆడ హోములో వార్డెను తాళం ఏస్తాడు, ఈడ నువ్వు ఏస్తావు. మరి జడ్జి వీణ్ణి ఇంటికి దేనికి పంపినట్టు?"

కిటికీ లేని గది, ఉక్క. ఆమె కొంగుతో చెమట తుడుచుకుంటూ నిజంగానే నేను తలుపు మూస్తానని చూస్తోంది. పొద్దున పెట్టిన సద్ది పెట్టినట్టే ఉంది.

"ఏరా, తినలేదేం?" అన్నాను.

వాడు తలెత్తలేదు. "తింటే నీళ్లు తాగాల. తాగితే బయటికి పోవాల గదవ్వా."

వాడు హోములో ఉన్నన్నాళ్లూ కూడా నాకు అంత భయం వేయలేదు. నా చేత్తో నేనేం చేశానో అప్పుడు తెలిసింది.

వెళ్తూ మేడమ్ తాళం తన సంచిలో వేసుకుంది.

"అది కొత్తది మేడమ్!"

"యాడికీ పోదులే అవ్వా. కేసు అయినాక ఇస్తా."

తరువాతి సోమవారం బేరం ముగించుకుని వచ్చేసరికి తలుపు బార్లా తెరిచి ఉంది. శీను లేడు. బస్టాండంతా గాలించాను. వాడు పారిపోయాడని వేరే ఎవరో చెప్పేలోగా నేనే ఒప్పుకుందామని ఆఫీసుకు పరిగెత్తాను. వరండాలో, తల నున్నగా దువ్వుకుని, బల్ల మీద వాడు!

"నీకు బేరం పోతాదని నేనే వచ్చినా అవ్వా. నడిచే వచ్చినాలే, చార్జీ మిగిలింది."

మేడమ్ లోపలినుంచే అడిగింది: "సంతకం వాడిది గదా, నువ్వెందుకొచ్చినావు అవ్వా?"

ఇంటికి నడిచే వచ్చాం. వాడి మణికట్టు పట్టుకోలేదు.

కేసు ముగిశాక ఆమె తాళం తిరిగి ఇచ్చింది. వస్తువు పారేసే అలవాటు నాకు లేదు. పూలు చుట్టే అరిటాకులు గాలికి లేచిపోకుండా దాన్ని ఇప్పటికీ వాటి మీద బరువుగా పెడుతున్నాను. తాళంచెవి మాత్రం ఆ రోజే శీను చేతిలో పెట్టేశాను.