కందుల అన్నం, అడుగు మాడు

ఎవరైనా అన్నం వద్దంటే అమృతానికి తనను తిట్టినట్టే ఉండేది. రేపల్లెలో పుట్టి, మొగుడు బాలశౌరి వెంట సిడ్నీ వచ్చి, బ్లాక్‌టౌన్‌లో ఒక వృద్ధాశ్రమం వంటింట్లో పనికి కుదిరినా ఆ గుణం మారలేదు. అక్కడి ముసలివాళ్ళు ఉప్పూ కారం లేని ఉడకబెట్టిన దుంపల్ని మారుమాటాడకుండా తింటుంటే ఆమెకు జాలేసేది. ఆ తిండి తినడానికి ఎంత భక్తి కావాలి!

1990లో ఆ ఆశ్రమానికి గ్లోరియా వచ్చింది. కరీబియన్ దీవుల్లోని ట్రినిడాడ్ ఆవిడ సొంతూరు. భర్తతోపాటే ఆవిడ ఆకలీ పోయింది. పళ్ళెం వెళ్ళింది వెళ్ళినట్టే వెనక్కి వచ్చేది. ఇలాగైతే ఆస్పత్రికి పంపి ముక్కులో గొట్టం వెయ్యాల్సిందేనని నర్సు అంది. గ్లోరియా మాత్రం, "ఈస్టర్ దాకా నేనుండను లే," అనేసింది, రేపు వాన పడుతుందని చెప్పినంత తేలిగ్గా. అమృతానికి ఒళ్ళు మండింది.

"అసలేం తింటారాంటీ? నోరు తెరిచి చెప్పండి," అని నిలదీసింది.

"పెలావ్," అంది గ్లోరియా. "మా అమ్మ వండేది. అన్నం, కోడి, కొబ్బరిపాలు, పిజన్ పీస్."

ఇండియన్ షాపులో కందిపప్పు పొట్లం మీద ఆ పేరే చూసిన గుర్తు. ఓస్, కందేనా! కందిపప్పు వండలేని ఆడది గుంటూరు జిల్లాలో ఎక్కడైనా ఉందా? నర్సు అనుమతి తీసుకుని, ఇంట్లోనే పప్పు మెత్తగా ఉడికించి, కోడీ అన్నమూ కలిపింది. చెయ్యి ఊరుకోక ఆవాలూ ఇంగువా పోపు కూడా పెట్టింది.

గ్లోరియా ఒక్క చెంచా నోట్లో పెట్టుకుని గిన్నె పక్కకు జరిపింది. "చంటిపిల్లలకు పెట్టేదిలా ఉంది డార్లింగ్. ఇందులో పిజన్ పీస్ ఏవీ?"

ఇంటికొచ్చి అమృతం గిన్నెలన్నీ గలగల్లాడించింది. "రుచి తెలీని మనిషికి పోపు పెట్టాను చూడండి, నాదీ బుద్ధి తక్కువ!"

బాలశౌరి నవ్వాడు. "ఆవిడ పప్పెక్కడడిగిందే? గింజలడిగింది. చిన్నప్పుడు మనం పచ్చి కందికాయలు ఉడకేసుకుని ఒలుచుకు తినలా?"

అమృతం చేతిలో గిన్నె కింద పెట్టింది. రోజూ పప్పు వండీ వండీ, దానికొక గింజ ఉంటుందన్న సంగతే మరిచిపోయింది. మొగుడి మాట నిజమైనందుకు కాస్త కోపం కూడా వచ్చింది. అయినా అతన్నే కారు తియ్యమని, సిడ్నీలోనే ఉన్న లివర్‌పూల్ పేటలో ఫిజీ ఇండియన్ల కొట్టుకెళ్ళి పొట్టు తియ్యని కందులు తెచ్చుకుంది.

ఈసారి గ్లోరియా దగ్గర కూర్చుని వండే పద్ధతి అడిగింది. పంచదార నల్లగా మాడ్చి అందులో కోడి ముక్కలు వేయాలట. అది అమృతానికి కొత్తేం కాదు. క్రిస్మస్ కేకు రంగు కోసం ఏటా మాడ్చేదే.

ఆదివారం ప్రార్థనకు వెళ్ళొచ్చి పొయ్యి వెలిగించింది. నానిన కందులు, కొబ్బరిపాలు, బియ్యం అన్నీ పడ్డాక ఇల్లంతా ఘుమఘుమలాడింది. తీరా మూత తీస్తే అడుగంటింది. పెట్టక పెట్టక పెడుతూ మాడు పెడతామా? పైనున్నదంతా పొడిపొడిగా డబ్బాలోకి తీసింది. అడుగు మాడు ఎప్పుడూ వండినమ్మ వాటాయే కాబట్టి, గీరి తనే తినేసింది.

గ్లోరియా మొదటి చెంచా తిని కళ్ళు మూసుకుంది. తర్వాత వంచిన తల ఎత్తలేదు. గుమ్మంలో నిలబడ్డ నర్సు కూడా కదల్లేదు. డబ్బా ఖాళీ అయ్యాక గ్లోరియా మొహం చిట్లించింది.

"మరి అడుగుది ఏది?"

"ఏ అడుగాంటీ?"

"గిన్నె అడుగున మాడింది. మా ఇంట్లో దానికోసం కొట్టుకునేవాళ్ళం."

"అది... నేను తినేశాను."

"తినేశావా!"

గ్లోరియాకు నిజంగానే కోపం వచ్చింది. వచ్చిన నాటినుంచీ ఏదీ కావాలనని మనిషి, ఇవాళ మాడు కోసం పోట్లాటకు దిగింది. అమృతానికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఒకరి చేత తిట్లు తిని ఇంత సంతోషపడటం ఆమెకు అదే మొదలు.

"వచ్చే ఆదివారం గిన్నెతో సహా తీసుకురా. నేనే గీరుకుంటాను," అంది గ్లోరియా, మూతి తుడుచుకుంటూ. "ఈస్టర్‌కి మాత్రం ఇంకాస్త పెద్ద గిన్నె చూడు."