చూడ్డానికేమీ లేని సందు

ఆవిడ అసలు పేరు జీతం ఇచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ తెలీదు. అందరికీ ఆవిడ సైకిలక్క. తనకంటే పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా అక్కా అని పిలుస్తుంటే మొదట్లో ఒళ్ళు మండేది. తర్వాత ఎన్నిసార్లని మండుతుంది, ఊరుకుంది.

కుట్టు మిషన్ల సామాను అమ్మే దుకాణంలో సరుకు చేరవేసే పనికి కుదిరి, అక్కడే సైకిలు పట్టింది. కొన్నేళ్ళకి దుకాణం మూతపడింది గానీ, తిరిగి తిరిగి ఊళ్ళోని సందుగొందులన్నీ ఆవిడకి కంఠతా వచ్చేశాయి. సరిగ్గా అలాంటి మనిషి కోసమే వెతుకుతున్న ట్రావెల్స్ యజమాని ఆవిణ్ణి పిలిపించి, ఆదివారం పొద్దున్నే జనాన్ని సైకిళ్ళ మీద ఊరు తిప్పాలన్నాడు. ఏ ఊరని అడిగింది. ఈ ఊరేనన్నాడు. ఉన్న ఊరిని ఉన్నవాళ్ళకే చూపించడం ఏం విడ్డూరమో ఆవిడకి బోధపడలేదు. వచ్చినవాళ్ళని చూశాక బోధపడింది. పెద్ద రోడ్డుకి ఇవతల పుట్టి పెరిగి, అవతల ఏముందో ఎరగనివాళ్ళు కుప్పలుతెప్పలుగా ఉన్నారు.

వాళ్ళకి అట్టపెట్టెలు మడిచే వీధి చూపించేది. చొక్కా గుండీలకి చిల్లులు వేసే షెడ్లు, పాత టైర్లని చెప్పులుగా కోసే వరస, మూతపడ్డ సబ్బుల ఫ్యాక్టరీ చూపించేది. ఫ్యాక్టరీ వెనక మురుగుకాలవ దగ్గర ముక్కు సంగతి మీ ఇష్టం, నోరు మాత్రం మూసుకోండి, దోమలున్నాయి అనేది. పడీపడీ నవ్వేవాళ్ళు. వారం వారం అదే మాట, వారం వారం అదే నవ్వు. ఆవిడకి మాత్రం నవ్వు రావడం ఎప్పుడో మానేసింది.

సందుల్లో పక్కపక్కన తొక్కే వీలుండదు. ఒకరి వెనక ఒకరు బారుగా వెళ్ళాలి. అందుకని ఆవిడ ఒక పద్ధతి పెట్టింది. ముందు తను ఏ మాటంటే, వెనకున్నవాళ్ళు ఆ మాటే తమ వెనకవాళ్ళకి అందించాలి. సొంత కవిత్వం పనికిరాదు. గుంట అంటే గుంట, బండి అంటే బండి. అయినా మాటకి కాళ్ళొస్తే ఎక్కడికి పోతుందో ఎవరు చెప్పగలరు. ఒకసారి ముందు గుంట అన్నది తోక దగ్గరికొచ్చేసరికి వంట అయింది. ఫలహారం పెడుతున్నారు కాబోలని సైకిళ్ళు దిగి నిలబడ్డారు ఇద్దరు.

ఆ దారిలో టిన్ను డబ్బాలు కొట్టే సందు ఒకటుంది. అందులో నీలం తలుపున్న ఇల్లు సైకిలక్క పుట్టిల్లు. ఇప్పుడక్కడ ఆవిడ చెల్లెలు, మరిది ఉంటున్నారు. మరిదికి ఐసు ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ, పగలంతా నిద్ర. ఈ పనిలో చేరిన కొత్తల్లో ఆవిడ ఉత్సాహం పట్టలేక సైకిళ్ళన్నీ ఆ ఇంటి ముందే ఆపింది. గుమ్మం పక్కన మడత మంచం మీద మరిది నిద్రపోతున్నాడు. ఎవరో ఫోటో తీశారు. వారం తిరక్కుండా అది పత్రికలో పడింది, కింద తీరుబడి జీవితం అన్న మాటతో సహా. రాత్రంతా ఐసు దిమ్మలు మోసే మనిషి ఫ్యాక్టరీలో నవ్వులపాలయ్యాడు. చెల్లెలు అగ్గిమీద గుగ్గిలమైంది. నీ సైకిళ్ళు మళ్ళీ మా గుమ్మం ముందు ఆగితే నేను నీకు చెల్లెల్ని కానంది.

సైకిలక్కకి తప్పు తెలుసు. కానీ ఆవిడకీ పౌరుషముంది. ఆగొద్దంటే ఆగదు, అంతే. పిలవని పేరంటానికి వెళ్ళినట్టు ఒంటరిగానూ వెళ్ళలేదు. వారం వారం ఆ సందు మొదట్లో "ఇక్కడ చూడ్డానికేమీ లేదు, సాగండి" అని కేక వేసేది. సాగండి, సాగండి అంటూ మాట వెనక్కి పాకేది. నీలం తలుపు ముందుకి రాగానే తల తిప్పకుండా తొక్కేది. చెల్లెలు ఒకనాటికి తనే పిలుస్తుందని ఆశ. ఆ ఆశతోనే మూడేళ్ళు గడిచాయి.

ఒక ఆదివారం టిన్నుకొట్ల వాళ్ళు పనెక్కువై పొద్దున్నే సుత్తులు పట్టారు. ఆ మోతలో ఆవిడ సాగండి అన్నది, ఎన్నో నోట్లో అరిగిందో గానీ, చివరికి ఆగండి అయింది. సంగతి తెలియని సైకిలక్క సందు దాటి, కాలవ వంతెన ఎక్కి, వెనక్కి తిరిగి చూస్తే బారుకి తోక లేదు. పై ప్రాణాలు పైనే పోయాయి. మిగతావాళ్ళని అక్కడే ఉండమని చెప్పి వెనక్కి తొక్కింది.

అనుకున్నంతా అయింది. తోక నీలం తలుపు ముందే ఆగింది. రిటైరైన లెక్కల మాస్టారొకాయన గుమ్మం మెట్టు మీద కూర్చుని మంచినీళ్ళు తాగుతున్నాడు. ఇద్దరు అమ్మాయిలు హెల్మెట్లు చేత్తో పట్టుకుని బడిలో నిలబెట్టినట్టు నిలబడ్డారు. చెల్లెలు గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టి నిలబడింది. జుట్టు కాస్త నెరిసింది. ఆ సంగతి సైకిలక్కకి ఇప్పుడే తెలిసింది.

సైకిలు దిగీ దిగకుండానే సంజాయిషీ మొదలుపెట్టింది. తను ఆగమనలేదని, సాగమనే అన్నానని, ఆ సుత్తుల మోతలో మాట మారిపోయిందని, కావాలని చేసింది కాదని చెప్పింది.

"తెలుసు. నువ్వెందుకు ఆగమంటావు," అంది చెల్లెలు. "వారం వారం వింటూనే ఉన్నాను, కిటికీ పక్కనే ఉంటాను."

"నువ్వేగా ఆగొద్దంది."

"ఆగొద్దన్నాను. ఇక్కడ చూడ్డానికేమీ లేదని ఊరందరికీ చెప్పమన్నానా?"

చెల్లెలి మాట నిలబెడుతున్నాననుకుంటూ, తను పుట్టిన సందు మొదట్లోనే ప్రతి వారమూ ఏమని కేక వేస్తోందో సైకిలక్క చెవికి ఇన్నాళ్ళూ ఎక్కలేదు. సిగ్గుతో చచ్చిపోయింది. ఏడుపూ వచ్చింది గానీ, పరాయివాళ్ళ ముందు బాగుండదని దిగమింగుకుంది.

మాస్టారికి ఇవేవీ తెలియవు. గ్లాసు కింద పెట్టి, మూతి తుడుచుకుని, ఆయన దారిలో అన్ని చోట్లా అడిగినట్టే ఇక్కడా అడిగాడు, ఇక్కడి విశేషమేమిటమ్మా అని.

ఏ వీధిలో అడిగినా గడగడా చెప్పుకుపోయే మనిషి తడబడింది. లోపల మరిది గురక వినబడుతోంది. గొంతు తగ్గించింది.

"ఇది మా ఇల్లండి. ఇది మా చెల్లెలు. ఇందులోనే పుట్టాం. ఈ ఒక్క గదిలో నలుగురం ఉండేవాళ్ళం."

"ఐదుగురం," అంది చెల్లెలు. "నాన్నమ్మని మర్చిపోయావు."

అని, గుమ్మానికి అడ్డంగా పెట్టిన చెయ్యి తీసింది.