ప్రతి పేజీ నెత్తినా ఆయన పేరే

“హెడర్‌లో ఏం పెట్టమంటారు మేడమ్?” అని ఇవాళ డీటీపీ అబ్బాయి అడగ్గానే ఒళ్లు మండిపోయింది. పాపం, అతని మీద కాదు.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ప్రెస్సులో పనిచేసేవాళ్ల చేతులనుంచి వచ్చే ఆ సిరా, కిరసనాయిలు వాసన. నాయుడుపేటలో మా నాన్న కంపోజిటర్. సీసపు అక్షరాలు పేర్చి పేజీలు కట్టేవాడు. పేజీ పైన వచ్చే ఆ హెడర్ లైనును మాత్రం ఒక్కసారే పేర్చి, దాన్నే ప్రతి పేజీకీ ఎత్తి పెట్టేవాడు. మార్చేది పేజీ నంబరు ఒక్కటే.

అమ్మ కట్టిన నాట్ల పాటలను ప్రెస్సు యజమాని పుస్తకంగా వేశాడు. అది ఇంటికొచ్చిన రోజు అమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుని తెరిచింది. ప్రతి పేజీ నెత్తినా యజమాని పేరే!

“అచ్చేసింది ఆయన గదా. మొదటి పేజీలో నీ పేరు ఉండాదిలే,” అన్నాడు నాన్న.

“ఎనభై పేజీలకు ఎత్తి పెట్టినారే, ఒక్క పేజీ కాడన్నా మీ చెయ్యి ఆగలేదా?”

నాన్న చొక్కా తగిలించుకుని ప్రెస్సుకు వెళ్లిపోయాడు. అలా వెళ్లిపోవడాన్ని నేనింకా క్షమించలేదు.

ఆ మొదటి పేజీ ఏనాడో ఊడిపోయింది. మిగిలిన పుస్తకం చూసినవాళ్లంతా పాటలు యజమానివే అనుకున్నారు.

అందుకే ఇప్పుడు ఆ పాటలను మళ్లీ వేయిస్తున్నాను.

“మా అమ్మ పేరు, మస్తానమ్మ అని పెట్టు. ప్రతి పేజీలోనూ,” అన్నాను.

“ఖాళీ పేజీల్లో హెడర్ పెట్టరు మేడమ్.”

“పెట్టు నాయనా. వాటిల్లోనూ పెట్టు.”