ఆఖరి బెల్లుకి ముందు టెన్నిస్

ఆటల టీచరుకి కోపం ముక్కు మీదే ఉంటుంది. అది ఎప్పుడు వస్తుందో బడిలో అందరికీ తెలుసు. పిల్లలు మోకాళ్ళు దోక్కుపోయి ఏడుస్తూ వస్తే రాదు. బంతి వెళ్ళి నీళ్ళ డ్రమ్ములో పడ్డా రాదు. "ఆటలదేముందండీ, బడి వదిలాక ఆడుకోవచ్చుగా" అని ఎవరైనా అన్నారా, ఇక అయిపోయారే! ఎదురుగా ఉన్నది లెక్కల మాస్టారైనా, బడిని నడిపే పెద్ద మేడమైనా ఆవిడకి ఒకటే.

ఊరికే రాదు కదా కోపం. ఆవిడ చిన్నప్పుడు చదివిన బడిలోనూ టెన్నిస్ ఉండేది, ఆఖరి బెల్లు కొట్టాక. అమ్మకి ఆస్పత్రిలో సాయంత్రం డ్యూటీ. బెల్లు కొట్టీ కొట్టగానే తమ్ముణ్ణి చంకనేసుకుని ఇంటికి పోవాలి. దారి కోర్టు పక్కనుంచే. కంచె దగ్గర కాసేపు ఆగేది. లోపల బంతి అటూ ఇటూ పోతుంటే ఈ పిల్ల తల కూడా అటూ ఇటూ తిరిగేది, చంకలోవాడు జుట్టు పట్టుకుని గుంజేవాడు. ఏడుపు దిగమింగుకుని ఇంటికి పోవడం ఆవిడకింకా గుర్తే.

"నా మూలానే కదక్కా నువ్వు ఛాంపియన్‌వి కాలేకపోయావు" అని ఇప్పుడా తమ్ముడే ఆటపట్టిస్తాడు.

"నోరు మూసుకుని రంపం ఆడించరా" అంటుంది అక్క.

వాడిప్పుడు వడ్రంగి. బీరువాలు చెయ్యగా మిగిలిన ప్లైవుడ్‌తో పిల్లల చేతికి సరిపడా బ్యాట్లు కోసిచ్చింది వాడే. పైకి వేళాకోళం ఆడినా, ఒక్కో బ్యాటు అంచూ అరచేత్తో తడిమి, పేడు గుచ్చుకోదని నమ్మకం కుదిరాకే అక్క చేతికిచ్చాడు.

మూడో తరగతికి వారానికో పీరియడు టెన్నిస్ కావాలని ఆవిడ పెద్ద మేడమ్ గది చుట్టూ తిరిగిన తిరుగుడు ఇంతా అంతా కాదు. చెవిలో జోరీగలా పోరింది. చివరికి మేడమే విసిగిపోయారు.

"సరే తల్లీ, ఈ టర్ము వరకు ఆడించండి. ఆఖర్లో నేనే వచ్చి చూస్తాను. ఉంచాలో తీసెయ్యాలో అప్పుడు చెబుతాను."

ఆటల టీచరుకి అంతే చాలు. కోర్టు లేకపోతేనేం, ఆవరణ ఉంది. మెట్ల కమ్మీ నుంచి కుళాయి స్తంభానికి తాడు బిగించింది, అదే నెట్టు. బంతులు స్పాంజివి. వచ్చిన చిక్కల్లా కిటికీలతో. ఆవరణని ఆనుకునే నాలుగో తరగతి గది, అందులో లెక్కల మాస్టారు.

"నా భాగహారంలోకి మీ బంతి దూరిందంటే ఊరుకునేది లేదు టీచరు గారూ" అని మొదటి రోజే హెచ్చరించారాయన.

అందుకని ఆవిడ ఒక కట్టడి చేసింది. తాడుకి అవతల నిలబడ్డవాళ్ళు మీ జత. జతకి అందేలా వెయ్యాలి. అందకుండా వేస్తే, ఆవరణ చివరున్న ముళ్ళకంపలో దూరి బంతి తెచ్చుకోవాల్సింది వేసినవాళ్ళే. జత సిద్ధంగా లేకపోతే అసలు వెయ్యనే కూడదు.

ఓయబ్బో, పిల్లలు ఆ మాటని నెత్తిన పెట్టుకున్న తీరు చూడాలి! ఇవతల నుంచి "వెయ్యనా?" అని ఒక కేక, అవతల నుంచి "వెయ్యి!" అని ఇంకో కేక. ఆ తర్వాతే బంతి కదిలేది. భాగహారంలోకి ఒక్క బంతీ దూరలేదు. పైగా మాస్టారే కిటికీ దగ్గరికొచ్చి తొంగి చూడ్డం మొదలెట్టారు.

ఆ మూడో తరగతిలో ఒక బక్కపిల్ల ఉంది, అందరూ పిట్ట అంటారు. నోట్లో నాలుక లేని పిల్ల. పాఠం చదవమంటే పక్కనున్న వాళ్ళకి కూడా వినపడదు. అదేం చోద్యమో గాని, చేతిలో బ్యాటు ఉంటే మాత్రం "వెయ్యి!" అన్న మాట గేటు దాకా వినిపిస్తుంది. ఆఖరి బెల్లు కాగానే చిన్నపిల్లల గదికి పరిగెత్తి, తమ్ముడి సంచీ ఒక భుజానికీ తన సంచీ ఇంకో భుజానికీ తగిలించుకుని, వాడి చెయ్యి పట్టుకుని పోతుంది. ఆటల టీచరు రోజూ చూస్తుంది.

టర్ము ఆఖర్లో పెద్ద మేడమ్ అన్నట్టుగానే వచ్చి కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. కాసేపు చూశాక, దగ్గర్లో ఉన్న బొద్దబ్బాయిని అడిగారు.

"ఎవరు గెలుస్తున్నారు నాన్నా?"

పిట్టకి జత వాడే. తెల్లమొహం వేశాడు. "మేమిద్దరం ఆడుతున్నాం మేడమ్" అన్నాడు.

"ఇదేం టెన్నిస్ టీచర్? అవతలివాళ్ళకి అందకుండా కొట్టాలి కదా, వీళ్ళు అందించి మరీ ఇస్తున్నారే!"

ఆటల టీచరు నీళ్ళు నమల్లేదు. పకపకా నవ్వేసింది.

"కిటికీల భయంతో నేనే అలా అలవాటు చేశాను మేడమ్. అందేలా వెయ్యడం వచ్చిందిగా, ఇక అందకుండా వెయ్యడం ఎంత సేపు? వచ్చే టర్ములో నేర్పేస్తాను."

మేడమ్ కూడా నవ్వారు. "పిల్లలు ముచ్చటగా ఆడుతున్నారు. వీళ్ళకి వారానికి ఒక్క పీరియడేం సరిపోతుంది? రోజూ ఆడించండి. బెల్లు కొట్టాక ఆవరణంతా మీదే. పాఠాలకీ అడ్డం ఉండదు."

కిటికీలోంచి లెక్కల మాస్టారు చప్పట్లు కొట్టారు. వెంటనే ఆవిడ కోపం గుర్తొచ్చి చేతులు దించేశారు.

ఆటల టీచరుకి ఈసారి కోపం రాలేదు. ఇంత మంచిగా ఇస్తున్నదాన్ని కాదనడం ఎలా? ఒక్క క్షణం తాడు వైపు చూసి, పిల్లల వైపు తిరిగింది.

"పిల్లలూ, బెల్లు కొట్టాక ఆగగలిగినవాళ్ళు ఉన్నచోటే నిలబడండి. ఇంటికి పోవాల్సినవాళ్ళు బ్యాటు కింద పెట్టి గోడ పక్కన కూర్చోండి."

వ్యాను ఎక్కాల్సినవాళ్ళు వెళ్ళి కూర్చున్నారు. అమ్మకి కొట్లో సాయం చెయ్యాల్సినవాళ్ళు కూర్చున్నారు. పిట్ట బ్యాటుకంటిన దుమ్ము గౌనుకి తుడిచి, నేలమీద పెట్టి వెళ్ళింది. ఏ జతా పూర్తిగా మిగల్లేదు.

"ఇప్పుడు ఆడండి" అంది ఆటల టీచరు.

ఎవరూ కదల్లేదు. మిగిలినవాళ్ళు బంతులు చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డారు.

"ఆగిపోయారేం? వెయ్యండమ్మా" అన్నారు మేడమ్.

"అవతల ఎవరూ లేరు మేడమ్" అన్నాడు బొద్దబ్బాయి. అయినా అలవాటు ఊరుకోదుగా, గోడ వైపు తిరిగి "వెయ్యనా?" అని అరిచాడు.

"నేను తమ్ముణ్ణి తీసుకెళ్ళాలి" అంది పిట్ట. పాఠం చదివే గొంతుతో కాదు, గేటు దాకా వినిపించే గొంతుతో.

మేడమ్ గోడ పక్కన కూర్చున్న వరసని ఈ చివర నుంచి ఆ చివరికి చూశారు.

"మీరు చిన్నప్పుడు ఏ వైపు ఆడేవారు టీచర్?"

"నేను కంచె బయట మేడమ్. చంకలో తమ్ముడు."

మేడమ్ కుర్చీలోంచి లేచారు. "పీరియడు ఉంటుంది. బెల్లుకి ముందే ఉంటుంది" అని, పిట్ట వైపు తిరిగారు. "లేమ్మా, వాడు బంతి పట్టుకుని నిలబడ్డాడు."

పిట్ట బ్యాటు అందుకుని తాడు దగ్గరికి ఒక్క పరుగు తీసింది. "వెయ్యి!"

ఆటల టీచరు మొహం అటు తిప్పుకుని తాడు బిగించడం మొదలుపెట్టింది. తాడు బిగువుగానే ఉంది.